మొక్కు తీరాక కూడా రాసుకున్న మందు

వైశాఖమాసం మిట్టమధ్యాహ్నం ఎవరైనా ఆడపిల్లకి ఫుల్ హ్యాండ్స్ గౌను కావాలని అడిగితే నాకు ఒళ్ళు మండుకొస్తుంది. కొట్లో కూర్చున్న మనిషికి అంత కోపం పనికిరాదని నాన్న ఎప్పుడూ అనేవారు. అడిగింది తీసి చూపించాలి, నచ్చితే ఇవ్వాలి, లేకపోతే మడత పెట్టుకోవాలి, అంతేనమ్మా అనేవారు. నాన్నంత మంచి వ్యాపారిని నేను కాను. మొన్న ధవళేశ్వరంలో మా బట్టల కొట్టుకి ఒక తల్లీ కూతురూ వచ్చారు. గోదావరి అవతల లంక నుంచి వచ్చినట్టున్నారు. తల్లి మెట్టెక్కుతూనే, "అండీ, ఈ పిల్లకి మణికట్టు దాకా చేతులుండే గౌన్లు ఉన్నాయాండీ? మెడ కూడా మూసేసేట్టుంటే మరీ మంచిదండి" అంది. బయట తారు రోడ్డు చెప్పులకి అంటుకునేంత ఎండ. ఆ పిల్ల అప్పటికే ఫుల్ హ్యాండ్స్ జాకెట్టులో చెమటకి తడిసి ముద్దయిపోయి ఉంది. ఎడమ మోచేతి మడతని బట్ట మీంచే కుడిచేత్తో రుద్దుకుంటోంది, గోళ్ళతో కాదు, వేళ్ళ కణుపులతో. పక్కవాళ్ళ కంట పడకుండా గోక్కోవడం అలవాటైన వాళ్ళకే వచ్చే విద్య అది. నేను అందులో ఆరితేరినదాన్ని.

"మందేమన్నా రాస్తున్నారా?" అన్నాను. తల్లి ముందు ఉలిక్కిపడింది, తర్వాత కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "రాస్తున్నామండి. రాస్తే పోద్దండి. పోయింది కదాని ఆపేస్తామండి. మళ్ళీ వచ్చేస్తదండి. స్కూల్లో ఈ పిల్ల పక్కన ఎవరూ కూర్చోవట్లేదంటండి" అంది. గౌన్ల పెట్టెలు పక్కకి నెట్టేశాను. "ముందు ఇలా కూర్చోండి, గౌను సంగతి తర్వాత చూద్దాం" అన్నాను. ఆవిడతో ఏం మాట్లాడానో చెప్పాలంటే ముందు మా మామ్మ గురించి చెప్పాలి.

మామ్మంటే నాన్నగారి అమ్మ. మా ఇంటికి ముందు గది కొట్టు, వెనక గదులు కాపురం. రెండిటి మధ్యా ఒక గళ్ళ కర్టెను. కర్టెనుకి ఇవతల నాన్న రాజ్యం, అవతల మామ్మ రాజ్యం. తెల్లవారకముందే లేచి, తలస్నానం చేసి, తడిబట్టతో దేవుడి గదిలోకి వెళ్ళి దీపం పెట్టేది. జ్వరమొచ్చినా, ఊళ్ళో కరెంటు పోయినా, గోదారి పొంగి వీధి చివర దాకా నీళ్ళొచ్చినా ఆ దీపం ఆగలేదు. మధ్యాహ్నం భోజనాలయ్యాక వరండాలో కాళ్ళు చాపుకుని కూర్చుని, పిక్క మీద దూది పరిచి అరచేత్తో వత్తులు దొర్లించేది. ఆ వత్తులు చేసుకుంటూనే వీధిలో అందరి సంగతులూ తేల్చేసేది. ఎవరి పిల్లకి ఏ జబ్బు, ఎందుకొచ్చింది, ఏ పథ్యం చెయ్యాలి, అన్నీ ఆవిడకి తెలుసు. నా సంగతి కూడా ఆవిడే తేల్చేసింది. "దీనికి చెడు రక్తం" అంది.

నాకు ఊహ తెలిసేనాటికే మోచేతి మడతల్లో, మోకాళ్ళ వెనక, మెడ చుట్టూ చర్మం గరుకుగా, ఎర్రగా ఉండేది. ఎండాకాలం చెమట తగిలితే మంట. చలికాలం పగిలి నీరు కారేది. చెడు రక్తం అన్నాక ఇంక నాకు వంకాయ లేదు, గోంగూర లేదు, కంద లేదు, చేమదుంప లేదు. ఇంటిల్లిపాదీ గుత్తివంకాయ లొట్టలేసుకుంటూ తింటుంటే నా కంచంలో పెసరకట్టు. ఆదివారం వచ్చిందంటే తలంటు. రాగి కాగులో వేపాకు వేసి నీళ్ళు బుడబుడా మరిగించి, ఒళ్ళు కాలిపోయేంత వేడిగా పోసేది మామ్మ. ఆ వేడినీళ్ళు పడినంతసేపు దురద ఎక్కడికో పోయేది, హాయిగా కళ్ళు మూతలు పడేవి. తర్వాత సున్నిపిండి పెట్టి, పొట్టు రాలిపోయేదాకా తోమేది. పైన గంధకం కలిపి కాచిన నూనె. ఆ నూనె కంపు ఇప్పటికీ నా ముక్కులోనే ఉంది. బళ్ళో నేను అడుగుపెట్టకముందే నా కంపు అడుగుపెట్టేది. సాయంత్రానికి చర్మం ఎండిన చెరువులా బీటలు వారేది, రాత్రంతా గోకుడు. మర్నాడు ఆ గోళ్ళ గీతలు చూసి మామ్మ, "చూశావా, లోపలి విషం ఎలా బయటికొస్తోందో" అని సంబరపడేది. నేనంటే ప్రాణం ఆవిడకి, అది మాత్రం నిజం. ఆ ప్రాణంతోనే నా తోలు ఊడగొట్టింది.

నాకు మాత్రం ప్రాణమంతా కర్టెనుకి ఇవతలే ఉండేది. కొత్త బట్టల గంజి వాసన, అగరొత్తుల వాసన, చీరల పెట్టెల్లోని అట్ట వాసన కలిసి ఒక వాసన ఉంటుంది. దాన్ని పీల్చుకుంటే నాకు ఆకలి కూడా తెలిసేది కాదు. నాన్న తెల్ల దుప్పటి పరిచిన పరుపు మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, ఒక్క విదిలింపుతో చీర మొత్తం పరిచేవారు. పమిట అంచు సరిగ్గా కొనే ఆవిడ ఒళ్ళో వచ్చి వాలేది. "బట్టని కళ్ళతో చూడకూడదమ్మా పూర్ణా, కళ్ళు మోసపోతాయి. రంగుకి, మెరుపుకి పడిపోతాయి. బొటనవేలు, చూపుడువేలు మధ్య పెట్టి నలిపి చూడు. లోపల పోగు ఎలాంటిదో వేలు చెప్తుంది" అనేవారు. నేనొక్కదాన్నే సంతానం. ఈ కొట్టు నీదే అని నాన్న ఎప్పుడూ నోరు తెరిచి అనలేదు గానీ, నాకు పని నేర్పించిన తీరులో ఆ మాట ఉండేది. ఇంటర్ అయ్యాక సెలవుల్లో పరుపు మీద నాన్న పక్కన నేను కూర్చోవడం మొదలుపెట్టాను. విదిలింపు నాకూ వచ్చేసింది. మా వీధిలో మరే కొట్లోనూ ఆడపిల్ల కూర్చుని చీర విప్పేది కాదు. ఆ పరుపు మీద కూర్చుంటే నాకు సింహాసనం ఎక్కినట్టే ఉండేది.

ఆ మధ్యలోనే మా ఇంట్లోకి ట్యూబు వచ్చింది. బజారులో మందుల కొట్టాయన, "ఒళ్ళు దురదలకి ఇది రాయండి, బ్రహ్మాండంగా పనిచేస్తుంది" అని ఏ చీటీ లేకుండా ఇచ్చేశాడు. నిజంగానే బ్రహ్మాండంగా పనిచేసింది. రాసిన కొద్దిరోజులకే ఎరుపు మాయం. ఇంట్లో అందరికీ అది అమృతమైపోయింది. నాన్న కాళ్ళ పగుళ్ళకి అదే, అమ్మ వేలు కాలితే అదే, మామ్మ దోమ కుడితే అదే. అయితే మామ్మ ఆ ట్యూబుని మందులా చూడలేదు. ట్యూబు ఇంటికొచ్చిన రోజే ఒక ముడుపు కట్టింది. పిల్ల ఒళ్ళు శుభ్రపడితే కోరుకొండ వచ్చి, కొండెక్కి, స్వామికి పట్టుపంచె, అమ్మవారికి చీర మా కొట్టులోంచే పెడతానని మొక్కుకుంది. ఎరుపు తగ్గగానే బయల్దేరేవాళ్ళం. మెట్లెక్కలేక ఆయాసపడుతూ, ఆగి ఆగి, గోవింద కొడుతూ ఎక్కేది. మొక్కు తీర్చుకుని ఇంటికొచ్చిన సాయంత్రమే ట్యూబు తీసి పైన అటక మీద పెట్టేసేది.

"ఇంకా కొంచెం గరుగ్గా ఉంది మామ్మా, ఇంకొన్నాళ్ళు రాసుకుంటాను" అంటే కళ్ళెర్రజేసేది. "స్వామి తగ్గించాక ఇంకా మందేంటే? ఆయన్ని నమ్మనట్టు కాదూ? మొక్కు తీరాక మందు ముట్టుకుంటే ఇచ్చిన వరం వెనక్కి తీసుకుంటాడు" అనేది. ఇంట్లో ఎవరూ మారుమాట్లాడేవాళ్ళు కాదు. కొంతకాలానికి దురద మళ్ళీ మొదలు, ఈసారి ఇంకా ఉద్ధృతంగా. అప్పుడు మొక్కులో ఏదో లోపం జరిగిందని మామ్మ బాధపడి, చెంపలేసుకుని, ఇంకో ముడుపు కట్టి, అటక మీంచి ట్యూబు దింపేది. అలా కోరుకొండ మెట్లన్నీ నాకు పేరు పేరునా పరిచయమైపోయాయి. పాపం ఆ స్వామి ఎన్ని పంచెలు కట్టుకున్నాడో. మధ్యలో నా మెడ చర్మం మాత్రం ఉల్లిపొర లాగా పలచబడిపోయి, కింద ఎర్రటి నరాలు కనిపించడం మొదలుపెట్టాయి. మెడకీ చేతికీ ఒకే మందు దట్టించేస్తుంటే అలా అవుతుందని అప్పుడు మాకెవరికీ తెలియదు.

పెళ్ళిళ్ళ సీజన్లో ఒకరోజు కొట్టు కిటకిటలాడుతోంది. ఇరిగేషన్ ఆఫీసులో పెద్ద ఉద్యోగి భార్య, మాకు పాత ఖాతా ఆవిడ, చెల్లెలి పెళ్ళికి పెట్టుబడి చీరలు తియ్యడానికి చుట్టాలందరినీ వెంటేసుకుని వచ్చింది. నాన్న ఇంకెవరికో పంచెలు చూపిస్తున్నారు. నేను ఉప్పాడ చీర ఒకటి తీసి విదిలించాను. చీర ఆవిడ ఒళ్ళో వాలింది, ఆవిడ చూపు మాత్రం నా మోచేతి మీద వాలింది. అప్పుడే నీరు కారి, చెక్కు కట్టి ఉంది. ఆవిడ చీరని రెండు వేళ్ళతో పట్టుకుని ఒళ్ళోంచి పక్కకి తీసి పెట్టింది. "ఏమండీ, ఈ గజ్జి చేతులతో పెళ్ళి చీరలు విప్పిస్తారేంటండి? మీరొచ్చి వేరే కట్ట విప్పండి, ఇవొద్దు" అంది, కొట్టు కొట్టంతా వినేలా. పక్కనున్న చుట్టాలు పైటలు దగ్గరికి లాక్కున్నారు. నాన్న మొహంలో నెత్తురు లేదు. ఆవిడకి ఏదో సర్దిచెప్పబోయి, నా వైపు తిరిగి, "నువ్వు లోపలికెళ్ళమ్మా" అన్నారు. గొంతు చాలా మెత్తగా ఉంది. అరిచినా బాగుండేది. నేను కర్టెను తీసుకుని లోపలికి వెళ్ళిపోయాను. ఆ రాత్రి భోజనాల దగ్గర నాన్న నా మొహం చూడకుండా, "కొన్నాళ్ళు ఫుల్ హ్యాండ్స్ జాకెట్లు కుట్టించుకో. వెనక గదిలో చీరలు మడతపెట్టే పని చూద్దువుగాని" అన్నారు. కొట్టు పోయింది. నా సింహాసనం పోయింది. నాకు ఏడుపు రాలేదు, మంట వచ్చింది. నేనేం తప్పు చేశానని దాక్కోవాలి? ఎవరినన్నా మోసం చేశానా, కొలత తగ్గించానా?

అంతవరకు ఇంట్లో గొంతెత్తి ఎరగని అమ్మ మర్నాడు పొద్దున్నే చీర మార్చుకుని వచ్చి, "పూర్ణని తీసుకుని రాజమండ్రి వెళ్ళొస్తానండీ" అంది మామ్మతో. ఏం పని అని అడిగింది మామ్మ. అమ్మకి అబద్ధమాడడం బొత్తిగా చేతకాదు. "లైనింగ్ గుడ్డ తెచ్చుకోవాలండీ" అంది. మామ్మ నోరు తెరిచింది. "ఇంట్లో కొట్టు పెట్టుకుని రాజమండ్రిలో లైనింగేంటే? మతి గాని పోయిందా?" అంది. అమ్మ నా చెయ్యి పట్టుకుని వీధిలోకి వచ్చేసింది. ఆటోలో కూర్చున్నాక పకపకా నవ్వడం మొదలుపెట్టింది, నేనూ నవ్వాను, కాసేపటికి ఇద్దరం ఏడ్చేశాం.

రాజమండ్రిలో మేడ మీద ఒక లేడీ డాక్టరుగారు చర్మానికి మందిచ్చేవారు. ఆవిడ నా చేతులు పట్టుకుని చూశారు. చేతికి గ్లవుజు లేదు, మొహంలో చిట్లింపు లేదు. నా చెయ్యిని వేరే మనిషి అలా మామూలుగా పట్టుకోవడం చాలా కాలానికి చూశాను. "ఇది గజ్జి కాదు, తామర కాదు. ఎగ్జిమా. అంటుకోదు. ఎవరికీ, ఎప్పటికీ అంటుకోదు. చెడు రక్తమూ కాదు, వంకాయ వల్ల వచ్చిందీ కాదు. నువ్వు ఏదైనా తింటే దురద నిజంగా పెరుగుతోందని నీకు అనిపిస్తే చెప్పు, అప్పుడు చూద్దాం" అన్నారు. అమ్మ అడ్డుపడి, "మరి ఎప్పటికి పోద్దండీ డాక్టరుగారూ?" అంది. "పోదమ్మా. లొంగుతుంది. మనం చెప్పినట్టు వింటుంది, మనం వదిలేస్తే తిరగబడుతుంది" అన్నారు. అమ్మ మొహం వాడిపోయింది. నాకు మాత్రం ఎందుకో బరువు దిగినట్టయింది. మొదటిసారి ఒకరు నాకు నిజం చెప్పారు.

"మందు ఎలా రాస్తావో చూపించు" అన్నారు. నేను బొట్టు పెట్టుకున్నట్టు చుక్క చుక్క పెట్టి, తెలుపంతా మాయమయ్యేదాకా బరబరా రుద్దాను. ఆవిడ తల అడ్డంగా ఊపారు. నా చూపుడువేలి కొసనుంచి మొదటి గీత వరకు మందు పిండారు. "ఇంత మందు నీ రెండు అరచేతులంత మేరకి వస్తుంది. అంతకన్నా తక్కువైతే పనిచెయ్యదు, దట్టంగా పట్టించినా ఎక్కువ పనిచెయ్యదు. పలచగా, వెంట్రుకలు వాలే వైపుకి, మెల్లిగా. ఎర్రగా, గరుగ్గా ఉన్న చోటే" అన్నారు. స్నానం గోరువెచ్చటి నీళ్ళతో త్వరగా కానివ్వాలి, సున్నిపిండి వద్దు, వేపాకు కాగు వద్దు. తువ్వాలుతో రుద్దకుండా అద్దుకోవాలి. ఒంటి మీద తడి పూర్తిగా ఆరకముందే పెట్రోలియం జెల్లీ ధారాళంగా ఒళ్ళంతా రాసుకోవాలి, రోజూ, దురద ఉన్నా లేకపోయినా. అది ఇంకాక మందు. మెడకి వేరే ట్యూబు, తేలికపాటిది. చేతి మందు మెడ మీదకి పోకూడదు, ఒకరి ట్యూబు ఇంకొకరు వాడకూడదు. మా నాన్న కాళ్ళ సంగతి చెప్తే ఆవిడ నుదురు కొట్టుకున్నారు.

చివరికి అసలు మాట చెప్పారు. "ఎరుపు పోగానే ఆపేస్తారు మీరందరూ. కళ్ళతో చూసి ఆపకు. కళ్ళు మూసుకుని వేలితో తడిమి చూడు. పక్కనున్న మంచి చర్మంలాగే నున్నగా తగలాలి. లోపల వాపు ఇంకా ఉంటే వేలికి తెలిసిపోతుంది. నున్నబడ్డాక కూడా ఒక్కసారిగా మానెయ్యకు, తగ్గించుకుంటూ రా. ఆ తర్వాత వారానికి రెండు రోజులు, మామూలుగా ఎక్కడ వస్తుందో అక్కడ రాసుకుంటూనే ఉండాలి. నాకు అప్పుడప్పుడూ చూపించుకో" అన్నారు. నాకు నవ్వొచ్చింది. మా నాన్న బట్ట గురించి చెప్పిన మాట, అచ్చం అదే. చర్మం కూడా పోగే మరి. ఆ ఒక్క మాటతో డాక్టరుగారు చెప్పిందంతా నాకు బుర్రకెక్కింది.

ఇంటికొచ్చాక యుద్ధమే. పొద్దున్నే గోరువెచ్చటి నీళ్ళు పోసుకుని నేను బయటికొచ్చేస్తే, మామ్మ వేపాకు కాగు దగ్గర గరిటె పట్టుకుని నిలబడిపోయింది. సున్నిపిండి గిన్నె వరండాలో అలాగే ఎండిపోయింది. భోజనానికి కూర్చుని వంకాయ కూర నేనే వడ్డించుకున్నాను. "పోతావే, కుళ్ళిపోతావే" అని మామ్మ గోల. నేను తిన్నాను, మళ్ళీ వేసుకున్నాను. ఎన్నేళ్ళకో తిన్న గుత్తివంకాయ, నూనె మూతికి అంటుకుంటే నాలుకతో నాక్కున్నాను కూడా. ఏమీ కాలేదు. అమ్మ తలొంచుకుని అన్నం కలుపుకుంటోంది గానీ పెదాల చివర నవ్వు దాగలేదు. నాన్న మాత్రం ఏదీ పట్టనట్టు ఉన్నారు. మెల్లమెల్లగా చెక్కులు రాలాయి. మంట తగ్గింది, ఎరుపు పోయింది. దీపాలు పెట్టే వేళకి పెరట్లో కూర్చుని, కళ్ళు మూసుకుని, మోచేతి మడత మీద వేలు పెట్టి చూసుకునేదాన్ని. ఇంకా గరుకే. ఇంకా రాయాలి.

అప్పుడే మామ్మ నా చేతులు చూసింది. కళ్ళనీళ్ళు తుడుచుకుంది. "అమ్మయ్య, స్వామి విన్నాడు. ఈ శనివారమే కోరుకొండ వెళ్దాం" అంది. వెళ్ళాం. పంచె పెట్టాం, చీర పెట్టాం. ఇంటికి రాగానే నేరుగా నా గదిలోకి వెళ్ళి, రెండు ట్యూబులూ చేతిలోకి తీసుకుని అటక వైపు నడిచింది. నేను ఎదురెళ్ళి దారికి అడ్డంగా నిలబడ్డాను. ఆవిడకి ఎదురు నిలబడడం మా ఇంట్లో నాన్న వల్ల కూడా కాలేదు.

"ఇలా ఇచ్చెయ్ మామ్మా."

"మొక్కు తీరిపోయిందే. ఇంకా మందేంటే నీ మొహం?"

"నువ్వు పొద్దున్న దీపం పెట్టావు కదా?"

"పెట్టాను. అయితే?"

"నిన్నా పెట్టావు. నిన్న వెలిగించాను కదా, స్వామి సంతోషించాడు కదా అని ఇవాళ మానేశావా? రేపు మానేస్తావా? వెలుతురొచ్చేసింది ఇంక వత్తులెందుకని ఎప్పుడన్నా అన్నావా? రోజూ వెలిగిస్తే స్వామిని నమ్మినట్టూ, నేను రోజూ మందు రాసుకుంటే నమ్మనట్టా?"

మామ్మ ట్యూబులు గుప్పిట్లో బిగించింది. "దేవుడికీ ట్యూబుకీ పోలికేంటే అప్రాచ్యపు దానా" అంది. చెయ్యి కూడా ఎత్తింది. నేను కదల్లేదు. కొడితే కొట్టు, ట్యూబు మాత్రం ఇచ్చెయ్ అన్నాను. ఎత్తిన చెయ్యి అలాగే కాసేపు గాల్లో ఉండి, కిందికి దిగింది. ట్యూబులు మంచం మీద పడేసి వరండాలోకి వెళ్ళిపోయింది. తర్వాత చాలా రోజులు నాతో మాట్లాడలేదు. నేను పిలిస్తే అమ్మ వైపు తిరిగి, "దాన్ని నాతో మాట్లాడొద్దని చెప్పు" అనేది. నేను మాత్రం మందు మానలేదు. నా వేలికి మడత నున్నగా తగిలింది, మెల్లిగా తగ్గించాను, వారానికి రెండు రోజులకి వచ్చాను. ఈసారి దురద తిరిగి రాలేదు. అప్పుడప్పుడూ ఎక్కడో కాస్త తలెత్తేది, రెండుపూటలా రాస్తే లొంగిపోయేది. ఒకరోజు మధ్యాహ్నం వత్తులు చేసుకుంటూ మామ్మ నన్ను చూడకుండానే గట్టిగా అంది. "ఒసేయ్ పూర్ణా, ఇవాళ శనివారం. ఆ పాడు మందు రాసుకున్నావా లేదా?" రాసుకున్నాను మామ్మా అన్నాను. "ఊఁ" అంది, దూది దొర్లిస్తూ. ఆ తర్వాత ఆవిడ పోయేదాకా శనివారం, బుధవారం నాకు గుర్తుచేసే పని ఆవిడే పుచ్చుకుంది. మానేస్తే ఊరుకునేది కాదు.

చర్మం లొంగింది కదా అని కొట్టు నా ఒళ్ళోకి నడిచి రాలేదు. మచ్చలు ఉండిపోయాయి, నల్లగా, మోచేతుల దగ్గర పటం గీసినట్టు. చర్మం కొంచెం దళసరిగా ఉండేది. మళ్ళీ పెళ్ళిళ్ళ సీజను వచ్చింది. నేను పొట్టి చేతుల జాకెట్టు వేసుకుని, కర్టెను తీసుకుని బయటికొచ్చి నాన్న పక్కన పరుపెక్కి కూర్చున్నాను. నాన్న నా చేతుల వంక చూశారు. కాసేపటికి ఆ ఆఫీసరు భార్యే వచ్చింది. భగవంతుడు కావాలనే పంపించాడా అనిపించింది. నాన్న లేవబోయారు. నేను అప్పటికే చీర అందుకున్నాను. విదిలించాను. చీర ఆవిడ ఒళ్ళో వాలింది. ఆవిడ చూపు చేతి మీద పడింది.

"ఇంకా ఉందేంటమ్మా అది?" అంది.

"ఉందండి. ఎప్పటికీ ఉంటుందండి. దానికి మందు రాసుకుంటున్నాను, నా మాట వింటోంది. ఎవరికీ అంటుకోదు. డాక్టరుగారు చేత్తో పట్టుకుని మరీ చెప్పారు. చీర నచ్చితే తీసుకోండి, నచ్చకపోతే మడత పెట్టేస్తాను. నా చెయ్యి మాత్రం లోపలికి వెళ్ళదండి" అన్నాను.

ఆవిడ చీరని పక్కకి నెట్టి, చెప్పులు వేసుకుని, వెంట వచ్చినవాళ్ళని తీసుకుని మెట్లు దిగిపోయింది. ఎదురు కొట్టులోకి వెళ్ళడం మాకు కనిపిస్తూనే ఉంది. పెళ్ళి బేరం, మామూలు బేరం కాదు. ఇంక నాన్న లోపలికి పొమ్మంటారు, ఈసారి మెత్తగా కూడా అనరు అనుకున్నాను. నాన్న వీధి వైపు చూశారు. తర్వాత పరుపు మీద నలిగిన ఆ చీర అంచు అందుకుని, బొటనవేలితో ఒకసారి నలిపి చూసి, నాకు అందించారు. "ఇది మడత పెట్టు. ఆ పైన ఉన్న వెంకటగిరి కట్ట దింపు. వీధిలో వచ్చేవాళ్ళు మన వైపే చూస్తున్నారు, నువ్వే విప్పు" అన్నారు. అంతే అన్నారు. అప్పుడు వచ్చింది నాకు ఏడుపు, ఏడుస్తూనే వెంకటగిరి చీర విప్పాను. ఆ రోజు నుంచి ఇవాళ్టి దాకా ఆ పరుపు దిగలేదు. నాన్న పోయారు, మామ్మ పోయింది, పరుపు మీద దుప్పటి మాత్రం రోజూ మార్చి పరుస్తున్నాను.

ఇప్పుడు ఊళ్ళో చర్మం డాక్టర్లు వీధికొకరున్నారు. మందులూ మెరుగయ్యాయి. ఎగ్జిమా అనే మాట ఫోన్లో కొడితే బోలెడు బొమ్మలొస్తాయి. అయినా వైశాఖంలో పిల్లలకి ఫుల్ హ్యాండ్స్ వేస్తూనే ఉన్నారు. ఎరుపు పోగానే ట్యూబు అటక ఎక్కుతూనే ఉంది. మా మామ్మకి ఒక మొక్కు అడ్డొచ్చింది. ఇప్పటివాళ్ళకి మందంటే భయం, ఎక్కువ వాడితే ఏదో అయిపోతుందని, సరిగ్గా వాడకపోతే ఏమవుతుందో మాత్రం ఎవరూ అడగరు. ఆ తల్లికి నేను ఇదంతా చెప్పాను. వేలి గీత దాకా మందు చూపించాను, తడి ఆరకముందే జెల్లీ అన్నాను, మెడకి వేరే, చేతికి వేరే అన్నాను, కళ్ళు మూసుకుని తడిమి చూడమన్నాను. "చర్మం డాక్టరుగారికి చూపించి, ఎలా తగ్గించుకుంటూ రావాలో వాళ్ళనే అడగండి. తగ్గిందని మీ అంతట మీరు ఆపకండి" అన్నాను. ఆవిడ ఆయ్ ఆయ్ అంటూ వింది. మధ్యలో, "అయితే ఇది ఎప్పటికీ ఉంటదాండీ?" అని అడిగింది, అచ్చం మా అమ్మలాగే. ఉంటుందండి, లొంగుతుంది అన్నాను.

పిల్ల అంతసేపూ నా చేతుల మచ్చల వంకే చూస్తోంది. నేను లేచి పువ్వుల గుడ్డ తాను ఒకటి దింపాను. ఫుల్ హ్యాండ్స్ గౌను నేను అమ్మను, గుడ్డ కొలిచి ఇస్తాను, పొట్టి చేతులు కుట్టించుకోండి అన్నాను. "ఇటు రామ్మా. ఈ చివర పట్టుకో, కొలవాలి" అన్నాను పిల్లతో. అది వాళ్ళమ్మ వంక చూసింది. ముందు ఆ చేతులు పైకి మడుచుకో, ఉక్కపోస్తోంది కదా అన్నాను. మోచేతుల పైకి మడుచుకుంది. మోచేతి మడతలు ఎర్రగా, పచ్చిగా ఉన్నాయి. అప్పటికి కొట్టు నిండా జనం చేరారు. మెట్టు మీద నిలబడ్డ ఒకావిడ మొహం చిట్లించి, "అయ్యో, ఆ పిల్ల చేత పట్టిస్తారేంటండీ గుడ్డ?" అంది.

"పట్టుకుంటుందండి" అన్నాను. "అది పట్టుకుంటేనే ఇవాళ కొలుస్తాను."

పిల్ల గుడ్డ చివరని రెండు చేతులతోనూ గట్టిగా లాగి పట్టుకుంది. నేను గజం బద్ద అందుకున్నాను.